గడియ

క్వినానాలో మధ్యాహ్నం రెండింటికి
సముద్రం మీంచి వచ్చే గాలిని డాక్టర్ అంటారు.
ఊరి వేడికి మందు వేస్తుందట.
క్రేన్ల దగ్గర పనిచేసే మేం మాత్రం
ఆ డాక్టర్ రాకముందే
పేషంటును పడుకోబెట్టాలని చూస్తాం.

ఇవాళ పేషంటు పడుకోనంటోంది.
నలభై ఏడు మీటర్ల ఇనుము ఆకాశంలోకి చాచి
మూడో పెట్టె దగ్గర మొండికేసింది.
తెర మీద చిన్న పసుపు బొమ్మ:
గడియ పడలేదు.

చూసేవాళ్ళు నూనె మోస్తుందనుకుంటారు.
నూనె తోస్తుంది, అంతే.
మోసేది గడియ.
ముంజేయంత ఉక్కు దిమ్మ
ఒక పెట్టె ఒంట్లోంచి జరిగి
పై పెట్టె కన్నంలో దిగబడి కూర్చుంటుంది.
కూర్చుందా, ఇక టన్నుల లెక్క దానిది.

లోపల పెట్టెలు ఆరు, సిలిండరు ఒక్కటే.
చీకట్లో పాక్కుంటూ వెళ్ళి
అన్నిటికన్నా లోపలున్నదాన్ని రెండు పక్కలా పట్టుకుంటుంది,
తోస్తుంది, గడియ పడేదాకా ఆగుతుంది,
పడ్డాక వదిలి
తర్వాతి దానికోసం ఒట్టి చేతులతో వెనక్కొస్తుంది,
బడి ముందు లాలీపాప్ బోర్డు పట్టుకుని
పిల్లల్ని ఒక్కొక్కరినీ రోడ్డు దాటించే ఆవిడలా.

ఇది పట్టుకుంటే గానీ అది వదలదు.
రెండూ వదిలేసిన క్షణం అంటూ
ఉండటానికే వీల్లేకుండా
ఎవరో, ఎక్కడో, ఒక డ్రాయింగు బల్ల మీద
అరచేతిలో పట్టే అడ్డుముక్కను గీసిపెట్టారు.
గ్రీజు వేళ్ళతో దాన్ని ఎన్నిసార్లు తడిమానో.
తుడవాల్సిన పని లేకపోయినా తుడిచాను.

విశాఖలో ఓడలు బాగుచేసే పని వదిలి
ఇంకో పని అందేలోపు నాకు తొమ్మిది నెలలు.
ఆ తొమ్మిది నెలలూ నన్ను ఏది మోసిందో
ఇప్పటికీ తెలీదు.
నూనే అయ్యుంటుంది.

"ఏమంటోంది?" క్యాబ్‌లోంచి జ్వోన్కో.
ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండలో ఇనుముకి చెవి ఆనించలేం.
స్క్రూడ్రైవర్ మొన బూముకి, పిడి నా చెవికి.
గాలి డాక్టరైతే స్టెతస్కోపు నాది.
లోపల గరగర.
అల్యూమినా ఫ్యాక్టరీ ఎర్ర దుమ్ము
గ్రీజులో కలిసి అటుకుల ముద్దలా గట్టిపడ్డ చప్పుడు.

"సుత్తితో ఒకటిస్తే?" అంది టీగన్,
పనిలో చేరి పదకొండు వారాలు.
జ్వోన్కో నవ్వలేదు.
స్పియర్‌వుడ్ పెరట్లో టమాటా తీగ కట్టినంత మెల్లగా
లివరు మీద రెండు వేళ్ళు పెట్టాడు.
ఒక సెంటీమీటరు బయటికి. ఆగు.
అర సెంటీమీటరు లోపలికి. ఆగు.
మళ్ళీ.

నా బూట్ల పక్కన జెండాగుడ్డ కొస కదిలింది.
గాలి ఇంకా రాలేదు, వస్తున్నానని చెప్పి పంపింది.

మళ్ళీ.
ఒక సెంటీమీటరు.
జ్వోన్కో ఏదో వాళ్ళ భాషలో గొణిగాడు,
ప్రార్థనో తిట్టో,
నా నోట్లో కూడా అలాంటిదే ఉంది.

అప్పుడు
పిడిలోంచి నా దవడ ఎముకలోకి
ఠక్కుమని.

పసుపు బొమ్మ పచ్చబడింది.
గడియ పడటానికి గడియ పట్టిందన్నాను తెలుగులో,
ఎవరికీ అర్థం కాదని తెలిసే.
వాచీ చూస్తే ఇరవై ఒక్క నిమిషాలు,
గడియకి ఇంకా మూడు తక్కువ.

పడిందని సంబరమేం లేదు.
ఇప్పుడు దాన్నే మళ్ళీ తీయాలి,
ఒక్కొక్క పెట్టెనూ లోపలికి పిలవాలి,
డాక్టర్ వచ్చేసరికి అంతా మడతపెట్టి ఉండాలి.

టీగన్ నిచ్చెన దిగుతోంది.
కుడిచెయ్యి కింది మెట్టు మీద బిగిశాకే
ఎడమచెయ్యి పైమెట్టు వదిలింది.
ఎవరూ చెప్పలేదు.

లాగ్ పుస్తకంలో నేను రాసింది ఇంతే:
మూడో పెట్టె. గడియ ఆలస్యం.
గ్రీజు మొత్తం తీసి కొత్తది వేయాలి.
అడ్డుముక్క బాగుంది.